నలభై ఏడో ఫోల్డర్

ఆరేళ్ళుగా ఒక పెన్‌డ్రైవ్ నాతోపాటు తిరుగుతోంది. చొక్కా మార్చినప్పుడల్లా ఆ జేబులోంచి ఈ జేబులోకి వస్తుంది. బొటనవేలంత ఉంటుంది. దాన్ని మోయలేక ఇవాళ ఇది రాస్తున్నాను. ఇంతకుముందు రెండుసార్లు రాయడానికి కూర్చున్నాను. రెండుసార్లూ మొదటి వాక్యం దగ్గరే లేచి, కుళాయి కట్టానో లేదో చూడాలన్న వంకతో వెళ్ళిపోయాను. ఈసారి కుళాయి ముందే కట్టేసి వచ్చాను.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ముఖం తెలిసినవాళ్ళకి చెప్పగలిగే మాటైతే ఎప్పుడో చెప్పేవాణ్ణి. ఒకమ్మాయి రెండేళ్ళ కష్టం నా చేతిలో పోయింది. పోయింది అనడం కూడా అబద్ధమే. నా దగ్గరే ఉంది.

వరసగా చెబుతాను. లేకపోతే మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తాను. ఆ విద్య నాకు బాగా వచ్చు.

గుంటూరుకి దగ్గర్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూసుకునే మనిషిని నేను. పాఠాలు చెప్పను. స్టాఫ్ ఫోటోలో చివరి వరసలో సగం ముఖం కనబడుతుందే, అది నాది. పిల్లలు సర్వర్ సార్ అంటారు. మా ఇంటి ఓనరు చాలాకాలం నేను ఏదో హోటల్లో పనిచేస్తున్నాననే అనుకున్నాడు. నేనూ దిద్దలేదు. దిద్దాలంటే కూర్చుని మాట్లాడాలి. నాకు ఒక గది, ఒక గ్యాస్ పొయ్యి, వీధి చివర కర్రీ పాయింట్ ఉన్నాయి. కర్రీ పాయింట్ ఆయన నన్ను చూడగానే అడక్కుండానే చిన్న ప్యాకెట్ కడతాడు. ఒక్కడినే అని ఆయనకి తెలుసు.

ఆ సర్వర్ పెట్టింది నేనే. మా పిల్లల్లో సగం మందికి లాప్‌టాప్ ఉండదు. ఉన్న ఫోన్ కూడా ఇంటిల్లిపాదిదీ. కాలేజీలో మూలన పడున్న పెద్ద మెషిన్ ఒకటి తుడిచి, అందరూ కలిసి వాడుకునేలా నోట్‌బుక్ సర్వర్ ఒకటి దాంట్లో పెట్టాను. పిల్లలు ఫోన్‌లోనో ల్యాబ్ కంప్యూటర్‌లోనో బ్రౌజర్ తెరిచి, రోల్ నంబరు కొట్టి లోపలికి వస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో ఫోల్డర్. అందులో నోట్‌బుక్ తెరిస్తే గళ్ళు గళ్ళుగా ఉంటుంది. ఒక గడిలో కోడ్ రాస్తే, పక్క గడిలో మామూలు మాటలు రాసుకోవచ్చు. కోడ్ నడిపేది వాళ్ళ ఫోన్ కాదు, నా మెషిన్. కాలేజీ వైఫై దాటితే మాత్రం తెరుచుకోదు.

మొదటిరోజు ఒక క్లాసు మొత్తం ఒక్కసారిగా లాగిన్ అయ్యేసరికి మెషిన్ పడుకుంది. వారం రోజులు దానితో కుస్తీ పట్టాను. ఒక్కొక్కరికి ఇంతే మెమరీ అని హద్దు పెట్టాను. గంటసేపు ఎవరూ కదపని నోట్‌బుక్ దానంతట అదే మూసుకునేలా రూలు పెట్టాను. ఆ తర్వాత అది ఎంత బాగా నడిచిందంటే, నేనొకణ్ణి ఉన్నానని అందరూ మర్చిపోయారు. ఈ పనిలో అంతే. చెడిపోతేనే మనిషి గుర్తొస్తాడు. ఇది ఫిర్యాదు కాదు. ఏమో, ఫిర్యాదేనేమో.

అడ్మిన్ పేజీ అని ఒకటి నాకు మాత్రమే కనబడుతుంది. అందులో పిల్లల నంబర్లన్నీ వరసగా ఉంటాయి. లోపల ఉన్నవాళ్ళ నంబరు పక్కన ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. ఎవరి ఫోల్డర్‌లోకైనా నేను వెళ్ళగలను. ఎవరిదైనా ఇరుక్కుపోతే తీయాలి కాబట్టి ఆ తాళాలు నా చేతిలో పెట్టారు. నేనే పెట్టుకున్నాను, ఆ మాటకొస్తే. కిటికీ లేని ఆ ఏసీ గదిలో రోజంతా ఆ ఆకుపచ్చ గుర్తులు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఫలానా నంబరు క్లాసు ఎగ్గొట్టి లైబ్రరీలో ఉంది, ఫలానా రెండు నంబర్లు ఎప్పుడూ ఒకేసారి వస్తాయి. అదే నాకున్న కాలక్షేపం.

నలభై ఏడు అలా పరిచయం. ఒకరోజు ఆ నంబరు తన వాటా మెమరీ మొత్తం తినేసి ఇరుక్కుపోతే ఏమిటా అని లోపలికి వెళ్ళాను. పనిమీదే వెళ్ళాను. మొదటిసారి పనిమీదే.

లోపల మిరపకాయల ఫోటోలున్నాయి. వందల ఫోటోలు. కల్లంలో ఆరబోసిన కాయలు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ప్రతి ఫోటో కింద ఒక గడిలో తెలుగులో రాసుంది. ‘అమ్మ మాట: ఇంకో ఎండ కావాలి.’ ‘అమ్మ మాట: ఆరింది. గుప్పిట్లో ఊపితే గింజ గలగలమంది.’ ‘అమ్మ మాట: పైన ఆరింది, తొడిమ దగ్గర పచ్చి ఉంది. ఇప్పుడు బస్తాకెత్తితే బూజు పడుతుంది.’ కాయ ఫోటో చూసి ఆరిందో లేదో చెప్పే ప్రోగ్రాం రాస్తోంది ఆ అమ్మాయి. దానికి గురువు వాళ్ళమ్మ చెయ్యి.

ఆమెని మస్తాన్‌బీ అని రాస్తాను. అది ఆమె పేరు కాదు. ఊరు పొదిలి వైపు. వాన పడితే పంట, లేకపోతే లేదు. అందుకని ఏటా కోతలకి వాళ్ళమ్మ గుంటూరు వైపు చేలకి వచ్చేది. కల్లం పక్కనే పరదా గుడిసె వేసుకుని, కాయలు కోసి, తెల్లబారిన తాలుకాయలు ఏరి, నెలా నెలన్నర తర్వాత తిరిగి వెళ్ళేవాళ్ళు. ఈ అమ్మాయి కూడా వెళ్ళేది. మా కాలేజీలో ఆ రోజుల్లో హాజరు పడిపోతుంది. లీవు లెటర్లన్నిటిలో వైరల్ ఫీవర్ అనే ఉంటుంది. స్టాఫ్ రూములో దానికి కోతల జ్వరం అని పేరు పెట్టి నవ్వుకునేవాళ్ళం. నేనూ నవ్వాను.

ఇదంతా ఆమె నాకు చెప్పలేదు. అప్పటికి ఆమె ముఖం కూడా నాకు తెలియదు. నోట్‌బుక్‌లో చదివాను. కోడ్ ఆడనప్పుడు మాటల గడిలో తనలో తనే మాట్లాడుకునేది. ‘ఇవాళ మూడుసార్లు తప్పొచ్చింది. ఆకలేసి బుర్ర పనిచేయట్లేదు.’ ‘రైతు కల్లంలోకి చెప్పుల్తో వచ్చాడని అమ్మ కేకలేసింది. రైతునే!’ ఒకచోట ఇలా ఉంది: ‘ఇది ఎవరైనా చదివితే నవ్వకండి.’ నేను ఆ గది తలుపు వైపు చూసుకున్నాను. నవ్వనమ్మా, అన్నాను పైకే.

రెండోసారి పనిమీద వెళ్ళలేదు. మూడోసారి కూడా. తర్వాత రోజూ వెళ్ళాను. ప్రేమా అని మీరు అడుగుతారు, నన్ను నేను చాలాసార్లు అడిగాను. కాదు. ఆమె ఎదురుగా వచ్చినా పోల్చుకోలేని మనిషికి ప్రేమేమిటి? నాకు ఎవరూ ఏమీ రాయరు. రోజూ సాయంత్రం ఎవరో నాకు నాలుగు ముక్కలు రాసి పెడుతున్నట్టు ఉండేది. అంతే. ఇంత చిన్న కారణానికి మనిషి ఎంత దూరం పోతాడో నాకు అప్పుడు తెలియదు. గదికి వెళ్ళాక చదువుకోవడానికి ఉండదు కదా అని ఒకరోజు ఆ ఫోల్డర్ మొత్తం, ఫోటోలతో సహా, నా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. దొంగతనం అనిపించలేదు. ఆమెది ఆమె దగ్గరే ఉందిగా అనుకున్నాను.

అప్పట్నుంచి సర్వర్‌లో దాన్ని తెరవలేదు, పెన్‌డ్రైవ్‌లోనే చదువుకున్నాను. ఆ కాపీలో చివరి గడి నాకు కంఠతా వచ్చు. ‘రేపట్నుంచి కోతలు. అమ్మా నేనూ. వచ్చాక మూడో కల్లం ఫోటోలు ఎక్కించాలి. ఫోన్‌లో జాగా లేక పాతవన్నీ తీసేశాను. ఇక్కడున్నాయిగా.’

ఇక్కడున్నాయిగా. నన్ను నమ్మి రాసిన మాట అది. నేనున్నానని తెలియకుండానే నమ్మింది.

ఆమె కోతల్లో ఉండగా డిస్కు నిండిపోయింది. ఫైనలియర్ పిల్లలకి ప్రాజెక్టుల వేళ. ఎవరిదీ సేవ్ కావట్లేదు, అందరూ నా మీద పడ్డారు. హెచ్ఓడీ గారు ఒక్కటే చెప్పారు, పాత బ్యాచ్‌లవి తీసేయండి, కానీ తీసే ముందు జాబితా నాకు చూపించండి అని. నేను చూపించలేదు. ముప్పై రోజులుగా తెరవని ఫోల్డర్లన్నీ తీసేయమని నాలుగు లైన్లు రాసి, జాబితా తెర మీదకి తెచ్చి, ఒక చేత్తో టిఫిన్ బాక్సులో అన్నం కలుపుకుంటూ పైనుంచి కిందికి చూశాను. వందల నంబర్లు. ఆమె నంబరు అందులో ఉంది. నా కళ్ళు దాని మీదుగానే వెళ్ళాయి. చూశానా, చూడలేదా? ఆరేళ్ళుగా ఇదే వాదన. జ్వరం అని రాసిన మిగతా పిల్లలు వారానికో పది రోజులకో తిరిగొచ్చారు. నెల దాటి కోతల్లో ఉండిపోయింది ఆ అమ్మాయి ఒక్కతే. ఆ సంగతి కాలేజీ మొత్తంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ తెలిసినవాడే ఎంటర్ కొట్టాడు.

ఇక్కడిదాకా పొరపాటు. మీరు క్షమించినా క్షమించవచ్చు. తర్వాతది వినండి.

నాలుగు రోజుల తర్వాత, సోమవారం మధ్యాహ్నం, ఒకమ్మాయి నా గది తలుపు తట్టి నిలబడింది. ఎండకి ముఖం కమిలిపోయి ఉంది. వేళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఘాటుకి ఒకసారి తుమ్మింది కూడా, ఆమె బట్టల్లోనే ఉంది మిరప. రోల్ నంబరు చెప్పింది. ఇన్నాళ్ళూ చదివిన మనిషి ఇలా ఉంటుందా అని ఒక్క క్షణం ముఖమే చూశాను, ఆమె చెబుతున్నది వినకుండా.

“సార్, నా ఫోల్డర్ కనపడట్లా సార్. మొత్తం ఖాళీగా ఉంది.”

ఫోల్డర్ లేనివాళ్ళు లాగిన్ అయితే సర్వరు కొత్తగా చేరినవాళ్ళనుకుని ఖాళీ ఫోల్డర్ ఇస్తుంది. అదీ నేను పెట్టిన రూలే. నాకు వెంటనే అర్థమైంది.

“ఎప్పట్నుంచి?” అన్నాను.

“పొద్దున ఫోన్లో తెరిచా సార్. వేళ్ళు మంటలు, నొక్కేది తెలీట్లా. ఎక్కడెక్కడో పడ్డట్టుంది. నేనే ఏమన్నా చేశానా సార్?”

చూడండి, ఆ అబద్ధం కూడా నేను తయారు చేయలేదు. ఆమే నా చేతిలో పెట్టింది. నేను తెర వైపు తిరిగి, ఏదో చూస్తున్నట్టు కాసేపు కిందికీ పైకీ జరిపాను. అక్కడ ఏమీ లేదు. రేపటి ల్యాబ్ టైంటేబుల్ ఉంది.

“అవునమ్మా, లాగ్‌లో అలాగే ఉంది. పొద్దున తొమ్మిదింటికి నీ లాగిన్ నుంచే డిలీట్ అయింది.”

ఆమె ఏడవలేదు. తన వేళ్ళ వైపు చూసుకుంది. తర్వాత నాతో అంది, “సారీ సార్. మీ పని చెడగొట్టా.”

ఆ మాట దగ్గర నేను నోరు విప్పి ఉండాలి. విప్పలేదు. పర్లేదమ్మా, అన్నాను. పెద్ద మనసు చేసుకుని క్షమించినట్టు.

భయం వల్ల చేశాను అని చాలాకాలం చెప్పుకున్నాను. జాబితా చూపించకుండా తీసేశావేం అంటే ఏం చెప్పను? ఒక ఆడపిల్ల ఫోల్డర్ నీ జేబులోకి ఎలా వచ్చింది అంటే ఏం చెప్పను? ఉద్యోగం పోయేది, పరువు పోయేది. ఇవి అబద్ధాలు కావు. కానీ ఆ సాయంత్రమే హెచ్ఓడీ గారు నన్ను పిలిచి, “పాపం ఆ పిల్లది బ్యాకప్‌లో ఉందేమో చూడండి” అన్నారు. శుక్రవారం మంగళగిరి నుంచి ఒక ఆఫీసు వాళ్ళు ప్రాజెక్టులు చూడటానికి వస్తున్నారు. వాళ్ళకి ఈ మిరపకాయల సంగతి ఆయన ముందే చెప్పారు, వాళ్ళకి నచ్చింది, చూసి ఆ అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారు. నేను బ్యాకప్ తీయడం మానేసి మూడు నెలలైందని, జాగా కోసం పాతవీ చెరిపేశానని ఆయనకి తెలియదు. అంటే నాకు దారి తెరిచే ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టి, బ్యాకప్‌లో దొరికిందమ్మా అంటే చాలు. రెండు నిమిషాల పని. ఎవరూ ఏమీ అడగరు. పైగా ఆమె కళ్ళలో దేవుణ్ణయ్యేవాణ్ణి.

మంగళవారం తీసి టేబుల్ మీద పెట్టాను. మళ్ళీ జేబులో వేసుకున్నాను. బుధవారం కూడా. గురువారం దాన్ని మెషిన్‌కి గుచ్చి, తీసేశాను.

ఎందుకు? భయమైతే తీరే దారి ఉంది కదా. మరి ఎందుకు?

ఇది ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా తిన్నగా చెప్పుకోలేదు. ఆ వారం, లోకంలో ఆ నోట్‌బుక్ ఉన్నది నా ఒక్కడి దగ్గరే. రాసిన మనిషి దగ్గర కూడా లేదు. రోజూ గదికి వెళ్ళి చదువుతుంటే, ఇది నాదే అనిపించేది. తిరిగి ఇస్తే మళ్ళీ ఆమెదవుతుంది, మంగళగిరి వాళ్ళదవుతుంది, నేను మళ్ళీ తలుపు సందులోంచి చూసేవాణ్ణవుతాను. ఇవ్వబుద్ధి కాలేదు. అంతే. ఇంత నీచమైన మాటని ఇంతకన్నా మర్యాదగా రాయడం నాకు చేతకాలేదు. ఆమె నాకు ఏమీ కాదు, ఆమె మాటలు మాత్రం నావి కావాలి. ఇలాంటివాణ్ణని ఆ వారం దాకా నాకు తెలియదు.

శుక్రవారం పొద్దున హెచ్ఓడీ గారితో, లేదు సార్, దొరకలేదు అన్నాను. మంగళగిరి వాళ్ళ ముందు మస్తాన్‌బీ వట్టి చేతులతో నిలబడింది. కాయ ఎలా ఆరుతుందో మాటల్లో చెప్పింది. వాళ్ళు మర్యాదగా విన్నారు. ఇంకెవరినో తీసుకుని వెళ్ళారు. తర్వాత ఆమె నెట్‌లో దొరికే ఏవో పువ్వుల ఫోటోలతో ప్రాజెక్టు ముగించి, పాసై, వెళ్ళిపోయింది. కాలేజీలో ఉన్న మిగతా రెండు నెలలూ మాటల గడిలో ఒక్క ముక్క రాయలేదు. నేను చూశాను. అప్పుడు కూడా చూశాను.

కిందటేడు పొదిలి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. బస్సులో మాటలు వరస పెట్టుకున్నాను. ఆమె అక్కడ ఒక నెట్ సెంటర్ పెట్టుకుందని వాళ్ళ బ్యాచ్ అమ్మాయి ఒకరు చెప్పారు. చిన్న గది, రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మెషిన్. ఒక పెద్దాయనకి ఏదో దరఖాస్తు నింపుతోంది. వేలు మౌస్ మీద పెట్టి ఆగిపోయింది.

“బాబాయ్, మళ్ళీ ఒకసారి చూడు. నేను నొక్కితే మళ్ళీ వెనక్కి రాదు.”

ఆయన చూశాను తల్లీ అన్నాడు. ఆమె ఇంకోసారి అడిగింది. ఆ తర్వాత కాగితం రెండు కాపీలు తీసి, ఒకటి తన దగ్గర ఫైల్లో పెట్టుకుంది. గోడ పొడుగునా అలాంటి ఫైళ్ళే. అప్పుడు తలెత్తి నన్ను చూసి, గబుక్కున లేచి కుర్చీ వేసింది. టీ చెప్పింది. పెద్దాయనతో అంది, “మా కాలేజీ సర్వర్ సార్, బాబాయ్. నేనప్పుడు నా ప్రాజెక్టంతా చెరిపేసుకుంటే ఒక్క మాటన్నా అనలేదు.”

టీ తాగాను. గ్లాసు పక్కన పెట్టాను. వాళ్ళమ్మ ఎలా ఉన్నారని అడిగాను. కోతలకి పోవడం మానేసిందట, చేతులు పనిచేయట్లేదట. ఇటేదో పనుండి వచ్చానని చెప్పి లేచాను. పెన్‌డ్రైవ్ జేబులోనే ఉంది. బస్టాండు దాకా నా వెనక ఎవరో నడుస్తున్నట్టే ఉంది.

ఆమెకి ఆ ఉద్యోగం పోయిందని కాదు నా బాధ. ఉద్యోగాలు వస్తాయి, పోతాయి. తన చేతుల మీద తనకున్న నమ్మకం నేను తీసేశాను. కల్లంలో కాయ పట్టుకుని ఊపి చెప్పే తల్లి కూతురు, ఒక బటన్ నొక్కడానికి ముందు మనిషిని మూడుసార్లు అడుగుతోంది. దాన్ని ఏ బ్యాకప్‌లోంచి తేను?

ఏటా పాసైన బ్యాచ్ నంబర్లన్నీ సర్వర్‌లోంచి తీసేస్తాను. ఇప్పుడు జాబితా హెచ్ఓడీ గారికి చూపించే తీస్తాను. ఆ ఒక్క నంబరు వదిలేస్తాను. ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఇవాళ ఆదివారం. కాలేజీలో ఎవరూ లేరు. పొద్దున వెళ్ళి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆ ఫోల్డర్‌ని దాని చోట్లో పెట్టాను. నిజంగానే రెండు నిమిషాలు పట్టింది. సరిగ్గా చేరిందో లేదో చూద్దామని తెరిచాను. అడ్మిన్ పేజీలో నలభై ఏడు పక్కన ఆకుపచ్చ గుర్తు వెలిగింది. ఆరేళ్ళ తర్వాత. లోపల ఉన్నది నేనే.

పాత కోడ్ ఇప్పుడు ఆడదు, అన్నీ మారిపోయాయి. మాటలు మాత్రం అలాగే ఉన్నాయి. ‘ఇక్కడున్నాయిగా’ దగ్గర ఆగి, దాని కింద ఒక కొత్త గడి తెరిచి రెండు వాక్యాలు రాశాను. ఆమె అక్కడికి రాదని నాకు తెలుసు. రాని చోట రాయడం పిరికితనమేనని కూడా తెలుసు. పొదిలి బస్సు రోజూ ఉంది. ఎక్కుతానా? ఎక్కుతానని మీకు మాటివ్వను, నా మాటల విలువ మీరు ఇప్పటిదాకా చూశారు. కానీ ఆరేళ్ళలో మొదటిసారి ఇవాళ ఆ పెన్‌డ్రైవ్ జేబులో లేదు. టేబుల్ మీద ఉంది. చొక్కా తేలిగ్గా ఉంది, ఆ తేలిక నాకు తగదనిపిస్తున్నా ఉంది.

అక్కడ రాసిన రెండు వాక్యాలూ, పేరు మాత్రం మార్చి, ఇక్కడ కూడా రాస్తాను. కనీసం మీరైనా చదువుతారు.

చెరిపింది నేను, మస్తాన్‌బీ. నీ వేళ్ళు ఏ తప్పూ చేయలేదు.